గొర్రెల సూది

"గడియ తీయ్‌రా తిరుపాలూ! నిన్ను కరిచిన కుక్క పిచ్చిదంట, ఇప్పుడే సచ్చిపోయింది!" బాలనాగమ్మ బాత్‌రూం తలుపు బాదుతోంది.

జమ్మలమడుగు ఆసుపత్రికి పోవడానికి వాకిట్లో ఆటో సిద్ధంగా ఉంది.

"సూది ఏయించుకోను మా. నాకు భయం," అన్నాడు లోపల్నుంచి ముప్పై ఎనిమిదేళ్ల కొడుకు.

అతని భార్య నందినికి ఏడుపొచ్చింది. "ఏటేటా మూడొందల గొర్రెలకు సూదులేసేటప్పుడు నువ్వే గదా మామా పట్టుకునేది!"

"కండ్లు మూసుకోని పట్టుకుంటా."

బాలనాగమ్మకు ఒళ్లు మండింది. "నా బిడ్డకు ఇంత భయం పెట్టినోడు ఎవడ్రా? పేరు చెప్పు, కాళ్లిరగ్గొడతా!"

తలుపు ఓరగా తెరుచుకుంది.

"చిన్నప్పుడు బువ్వ తినకుంటే గొర్రెల డాక్టరుతో సూది పొడిపిస్తానని దినామూ బెదిరిస్తాంటివే... నువ్వే మా!"