ఒకటో నంబరు ఫిల్ము

"ఇది దుమ్ము జబ్బు కాదు డాక్టరమ్మా, బీడీ జబ్బు!" అని బల్ల గుద్దినంత పని చేశాడు సూపర్‌వైజరు మల్లేశ్వరరావు.

శంకర్ నగర్ బీమా ఆఫీసులో మెడికల్ బోర్డు ముందు దానయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బీర్‌గావ్ మిల్లులో పదహారేళ్ళు తెల్లరాయిని పొడి చేసిన మనిషి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తుల్లో చేరింది రాతి దుమ్మేనని బోర్డు రాస్తే, కొత్తగా వచ్చిన సర్కారు నియమం ప్రకారం బతికినంతకాలం వైద్యం, పింఛను. బీడీ పొగ అని రాస్తే వట్టి చేతులతో ఇంటికి.

"నేనూ పదహారేళ్ళు ఆ షెడ్డులోనే ఉన్నానమ్మా. జన్మలో బీడీ ముట్టలేదు. చూడండి, దుక్కలా ఉన్నాను!" మల్లేశ్వరరావు మెడలోని మామిడిపిందె లాకెట్టును వేళ్ళతో తిప్పుతూ అన్నాడు. మొక్కుకుని వేసుకున్న బంగారం అది. స్నానానికి కూడా తీయడని మిల్లంతా చెప్పుకుంటారు.

దానయ్యకు ఒళ్ళు మండింది. "బీడీ కాల్సనేదని నాను అన్నేదమ్మా. దినానికి రెండు. మరి మా షెడ్డులో ఆడోల్లు కూడా దగ్గుతన్నారు. ఆల్లేటి కాల్సినారు?"

"చాల్లే, బహస్ పెట్టకు" అని వాదన తుంచేశాడు మల్లేశ్వరరావు.

బోర్డు డాక్టరు గంగాభవాని ఆ హిందీ ఊళ్ళోనే, రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగామె. ఎదురుగా ఉన్న కట్టలోంచి పై కవరు విప్పింది. పోయిన నెల ఎక్స్‌రే వ్యాను మిల్లు గేటు దగ్గరికొచ్చి, నంబరు చీటీలిచ్చి అందరికీ తీసిన ఫిల్ములవి.

"ఒకటో నంబరు, దానయ్య. రెండు వైపులా మచ్చలే" అంది.

మల్లేశ్వరరావు ఎగిరి గంతేశాడు. "చూశారా! బీడీ తప్ప ఇంకేదీ ఊపిరితిత్తుల్ని ఇలా తినెయ్యదమ్మా. కావాలంటే మిల్లు తరఫున సంతకం పెడతాను." అన్నట్టుగానే కాగితం మీద గీకి ఇచ్చాడు.

గంగాభవాని కలం తీసింది. బెంచీ మీద దానయ్య భార్య చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆగండమ్మా" అన్నాడు దానయ్య. "రాసీముందు నా గుండెలు నన్నోపాలి సూసుకోనీండి."

ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. ముందు మచ్చలు చూసి బెదిరాడు. తర్వాత పైపైకి చూశాడు. ఎన్ని నెలలైందో నవ్వి; ఇప్పుడు నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు.

"సారూ, ఈ మచ్చలు బీడీవేనా? ఒట్టేనా?"

"ఒట్టే! సంతకం కూడా పెట్టాగా!"

"డాక్టరమ్మా, ఆ దినం ఒకటో సీటీ నాదే. నాను మెట్టెక్కబోతంటే సారొచ్చి 'హటో' అన్నారు. అలవాటేగా, తప్పుకున్నాను. ముందు సారే నిలబడ్డారు. పేర్లు మాత్రం సీటీ పెకారం రాసీసినారు. లేపోతే నా మెడలోకి ఈ మామిడిపిందె ఎలాగొచ్చింది?"

లాకెట్టు మీద తిరుగుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

"ఏదో తాయెత్తు అనుకున్నాను!" గంగాభవాని గబగబా రెండో కవరు విప్పింది. మీద మల్లేశ్వరరావు పేరు. లోపల అవే మచ్చలు, బోసి మెడ.

"మీరు బీడీ జన్మలో ముట్టలేదన్నారు కదూ?" అని అడిగింది. మల్లేశ్వరరావు అవునన్నట్టు తల ఊపాడు.

ఆమె 'రాతి దుమ్ము' అని రాసి, కింద గీత గీసి, ముద్ర దబ్బున కొట్టింది. చిన్నమ్మ లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

దానయ్య కాగితం పట్టుకుని గుమాస్తా కిటికీ దగ్గరికి నడిచాడు. వెనక అడుగుల చప్పుడు విని తిరిగి చూశాడు. పాలిపోయిన ముఖంతో మల్లేశ్వరరావు. దానయ్యకు జాలేసింది.

"బాబూ, పింఛను ఫారాలు రెండియ్యి" అన్నాడు గుమాస్తాతో. "ఈపాలి మా సారు నా ఎనకాల నిలబడతారు."