అద్దానికి పెట్టిన కాటుక

మా వీధిలో ఇంటింటా టెలిస్కోపు అద్దాలు తయారవుతాయి. నువ్వుగింజంత రోబోలు గాజు మీద పలుచని వెండి పొర పూసి, తమ భూతద్దపు కళ్లతో దాన్ని పరీక్షిస్తాయి. వాటిని నడిపించడం మా పని. నేను సొంతంగా చేసిన మొదటి అద్దం ఆ రోజు, అద్దాలను కొండ మీది టెలిస్కోపుకు పంపే కేంద్రానికి వెళ్లాలి. ఒక్క గీత ఉన్నా తీసుకోరు.

పొద్దున చూస్తే అద్దం అంచున కాటుక చుక్క ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"అంత బాగుంది మరి, దిష్టి తగలదా?" అంది అమ్మ. నా ముఖం చూసి కొంగు పట్టుకుని వచ్చింది. "ఉండు, తుడిచేస్తాను."

"తుడిస్తే గీతలు పడతాయి. ముట్టుకోకు."

రోబోలను వదిలాను. చీమలు చక్కెర మోసినట్టు అవి కాటుకను రేణువు రేణువుగా మోసుకుపోయాయి. అంతసేపూ అమ్మ నా భుజం వదల్లేదు.

మధ్యాహ్నం కేంద్రం నుంచి, అద్దాలు పరీక్షించి తీసుకెళ్లే జోసెఫ్ గారు వచ్చి చూశారు. "పొర నున్నగా కుదిరింది. ఎవరు చేశారు?"

"మా పిల్లేనండి. నేను కాటుక పూసినా దానికి ఏమీ కాలేదు," అంది అమ్మ.

కాటుక పెట్టిన చోటు నేనే చూపించాను. ఆయన వంగి ఆ అంచును మళ్లీ పరీక్షించారు.

"అయితే కొండ మీది మంచును కూడా తట్టుకుంటుంది. ముందు దీన్నే పంపుదాం," అన్నారు.