పిల్ల గవ్వ

"అది పిల్ల గవ్వయ్యా!" అంది ముసలామె.

తిమోతి తలెత్తి చూశాడు. మట్టి తట్ట పక్కన దించి, అతని చేతిలోని రాతిగవ్వ మీదికి వంగి చూస్తోంది.

తిమోతి నెల్లూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరరు. కోట అనే ఊళ్ళో రైతు జయరామయ్య బావి తవ్విస్తుంటే నలభై అడుగుల లోతున రాతిపొర తగిలిందని విని పరుగెత్తుకొచ్చాడు. ఎన్నో లక్షల ఏళ్ళ కిందటి సముద్రం మిగిల్చిపోయిన పొర అది. అందులో దొరికింది, రాయిగా మారిన ఈ గవ్వ.

"పిల్ల గవ్వా? నీకెట్లా తెలుసు?"

"నోట్లో పళ్ళేవీ? పెద్దదైతే పెదవి లోపలికి మడుచుకోని పళ్ళొస్తాయి. చిన్నప్పటి నుంచి సున్నపు బట్టీకి గవ్వలేరినదాన్ని. ఆ మాత్రం తెలీదా?"

తిమోతికి నవ్వొచ్చింది. పళ్ళు లేని గవ్వ ఏ పుస్తకంలోనూ లేదు. అంటే కొత్త జాతి! ఉదయం నుంచి అతని కాలు నేల మీద నిలవనిది అందుకే.

"ఇంకో నిలువు లోతు తవ్వితే పెద్దవి పడతాయయ్యా. శుక్రవారం దాకా ఉండండి, ఏరి పెడతాను."

"సరేలేమ్మా, నీ తట్ట సంగతి చూసుకో."

ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు.

అతని తొందర అతనిది. కొత్త జాతిని కనిపెట్టినవాడు దానికి పేరు పెట్టుకోవచ్చు. మిషను ఆసుపత్రిలో గిన్నెలు తోమి కొడుకును చదివించిన రెబెక్కమ్మ ఆ ముందు ఏడే కన్ను మూసింది. ఆ తల్లి పేరు ఏ కాగితం మీదా లేదు. ఈ గవ్వకైనా ఉండాలని అతని ఆరాటం.

వ్యాసం అచ్చయింది. అందులో అమ్మ పేరు చూసుకుని తిమోతి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండు నెలలకు కలకత్తా నుంచి ఒక పెద్ద శాస్త్రజ్ఞుడు ఉత్తరం రాశాడు.

"మీరు వర్ణించినది ఎదగని గవ్వ. అందుకే పళ్ళు లేవు. ఎదిగిన గవ్వను నలభై ఏళ్ళ కిందటే ఒక మిషనరీ దొర వర్ణించి పేరు పెట్టాడు. మొదటి పేరే నిలుస్తుంది. ఆయన వ్యాసం నకలు వెతికించి పంపుతాను."

అమ్మ పేరు పోయింది. రెండు రోజులు తిమోతికి ముద్ద దిగలేదు. మూడోరోజు కోట బస్సెక్కాడు.

"ఆ ముసలామా?" అన్నాడు జయరామయ్య. "పోయిన నెల జ్వరమొచ్చి చచ్చిపోయింది సారూ. ఆ శుక్రవారం పెద్ద గవ్వలు పడినాయి. మీరొస్తారని చాన్నాళ్ళు కొంగున కట్టుకోని తిరిగింది, పాపం."

తిమోతి అడిగాడు.

"ఆమె పేరు?"

"పేరమ్మ."

బావి దగ్గర కలిసిన రోజే ఈ ఒక్క మాట అడగాలని తోచనందుకు దారి పొడుగునా సిగ్గుపడ్డాడు. తప్పు ఒప్పుకుంటూ ఇంకో వ్యాసం రాయాలి. పిల్ల గవ్వ అని ముందే చెప్పింది పేరమ్మ అని అందులో వేయాలి. తట్టలు మోసిన మనిషి పేరు తన చేతుల మీదుగానైనా అచ్చెక్కాలి.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద కలకత్తా కవరుంది. దొర వ్యాసం మొదటి పేజీ చివర ఇలా ఉంది:

"ఈ గవ్వను మొదట గుర్తుపట్టి నాకు చూపించినది కోట సున్నపు బట్టీలో పనిచేసే పేరమ్మ అనే అమ్మాయి కనుక, దీనికి ఆమె పేరే పెడుతున్నాను."