ఊపిరిపెట్టె బోర్డు

గాలి పాడై, మంచి గాలినిచ్చే ఊపిరిపెట్టె లేనిదే ఎవరూ గడప దాటలేని, కంటినిండా నిద్రపోలేని రోజులొచ్చాక, పంక్చర్ల దుకాణాల్లాగే వీధివీధినా బోర్డులు పరీక్షించే దుకాణాలూ వెలిశాయి. పెట్టెకి మదర్‌బోర్డే ప్రాణం.

భర్త పెద్దకర్మ అయిన మర్నాడు టీచరు విమలాదేవి ఆయన పెట్టె పట్టుకుని మస్తాన్ దుకాణానికి వెళ్లింది. ఆ బోర్డును ఏరి కొన్నది ఆమే.

“ఆ రాత్రి ఇది ఆగిపోయిందేమో చూడు మస్తానూ. నా ముఖం చూసి చెప్పకు. బోర్డు చూసి చెప్పు.”

మస్తాన్ బోర్డు బయటికి తీసి, కెపాసిటర్ల తలలను ఒక్కొక్కటిగా వేలితో నిమిరాడు. చెడిపోయినవైతే ఉబ్బి ఉంటాయి.

“ఒక్కటీ ఉబ్బలేదు మేడమ్. టంకం కూడా చెదరలేదు. ఇప్పుడొచ్చేవి అప్పడాలండీ, పట్టుకుంటే విరుగుతాయి. ఇది ఇంకా పదేళ్లు ఆడుద్ది. సారు పోయింది దీనివల్ల కాదు.”

విమలాదేవి గుండెల మీద బరువు దిగింది. కానీ కోపగించుకోవడానికి కూడా ఇక ఏదీ మిగల్లేదు.

పక్క బెంచీ మీద ఒకామె కూతురిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాప బోర్డులో కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. కొత్తది ఎప్పుడొస్తుందో మస్తాన్ చెప్పలేకపోతున్నాడు.

“ఇది ఆ పాపకి బిగించు,” అంది విమలాదేవి.

ఆ తల్లి కంగారుపడింది. పోయినవాళ్ల బోర్డు ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. “ఏమనుకోకండమ్మా... అది మీవారిది కదా.”

“అవునమ్మా,” అంది విమలాదేవి మెల్లగా. “ఆయన ఊపిరి ఆపేశాక కూడా ఇది తెల్లారేదాకా గాలి ఇస్తూనే ఉంది.”

ఆ తల్లి పాప పెట్టె మూత తీసింది.