తలుపు తలుపునా క్షమాపణ

యూదుల ఉపవాస దినం యోమ్ కిప్పూర్‌కి ‘హ్యాపీ’ అనకూడదని వసుంధర ఫోన్లో చూసుకుంటుండగానే, బుకిట్ బటోక్‌లో ఎదురు ఫ్లాట్‌లోని నిస్సిమ్ అంకుల్ వచ్చి ఆమె తలుపు తట్టారు.

“మీ ఉపవాసం తేలిగ్గా సాగాలంకుల్. పాలైనా తాగండి.”

“ఇవాళ పొద్దుగుంకితే, రేపు చీకటి పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనమ్మా. ఈలోగా నేను ఇబ్బందిపెట్టినవాళ్ళని క్షమాపణ అడగాలి. నా కుక్క అరుస్తోందని ఎవరో కంప్లైంట్ ఇస్తే, దాన్ని పట్టుకెళ్ళిపోయారు కదా. పాపం, ఎవరి నిద్ర పాడుచేశానో! అందుకే తలుపు తలుపూ తడుతున్నా. మీరైతే చెప్పండి, ఏమీ అనుకోను.”

“అయ్యో, నేనెందుకిస్తానంకుల్!”

“అయితే, మిమ్మల్ని ఇలా అడిగినందుకు కూడా క్షమించండి.”

ఆయన పక్క తలుపు తట్టారు. తర్వాత ఆ పక్కది.

వసుంధర చేతిలో ఫోను అలాగే ఉంది. కంప్లైంట్ పంపింది అందులోంచే.