రాయిస్ మావయ్య ఎర్ర కారు

"చార ఎంత వెడల్పుండేది అమ్మమ్మా?"

"నా జానెడు. తెల్లది. బానెట్ మీద మొదలై డిక్కీ దాకా, ఒకటే."

"ఎర్ర రంగు మూడు పూతలయ్యాక ఇప్పుడా చెప్పడం!"

"ఇప్పుడే గుర్తొచ్చింది. వెయ్యి" అంది ఓపల్, బఠాణీలు ఒలుస్తూ, తలెత్తకుండా.

ట్వైలాకు ఒళ్లు మండింది. చెప్పంత పొడవున్న ప్లాస్టిక్ కారది. దాని కోసం వారం నుంచీ ఫ్యాక్టరీ నుంచి రాగానే వంటింటి బల్ల దగ్గరే కూర్చుంటోంది. ఇలాంటి బొమ్మ కార్లు ఆమె గదిలో అలమర నిండా ఉన్నాయి. కానీ దేనికీ ఇంతలా కష్టపడలేదు.

ఆ కారుకు ఒక్క ఫొటో కూడా లేదు. రాయిస్ మావయ్య తాతతో గొడవపడి, ఆ ఎర్ర కారులోనే ఒహాయో వదిలి వెళ్లిపోయాడు. తాత కోపంతో ఫొటోలన్నీ పొయ్యిలో వేశాడు. అప్పటికి ట్వైలా వెనక సీట్లో కాళ్లందని పిల్ల. పద్దెనిమిదేళ్లయింది. తాత పోయాడు. రోడ్డు మీద కారు చప్పుడైతే చాలు, అమ్మమ్మ చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లేది.

పోయిన నెల ఒకాయన చేతిసంచితో నడుచుకుంటూ వచ్చి, "అమ్మా, నేను రాయిస్‌ని" అన్నాడు. ముఖం సగానికి పైగా కాలిన మచ్చే. ఓక్లహోమాలో చమురు బావి అంటుకుందట. ఓపల్ ఆయన్ని కావలించుకుని భోరుమంది. ఆ రోజు నుంచీ రాయిస్ గది ఆయనదే.

"వాడి పుట్టినరోజుకు వాడి కారు చేసివ్వవే" అని అడిగింది అమ్మమ్మే. ట్వైలా సరేనంది. ఆమె లెక్క వేరే. ఈ బొమ్మ చూసినప్పుడు ఆయన ముఖం తను చూడాలి. తాడో పేడో తేలిపోవాలి.

చార కోసం అంటించిన టేపు లాగితే ఎర్ర రంగు కూడా పెచ్చులా ఊడొచ్చింది. "ఛీ, నా ఖర్మ!" అంటూ ట్వైలా మళ్లీ ఉప్పు కాగితం అందుకుంది.

"అమ్మమ్మా, నిజంగా మావయ్యేనంటావా?"

"కన్నపేగుకు సాక్ష్యాలు కావాలా? మన కుక్క పేరు చెప్పాడు. నా పీచ్ పండ్ల కేకులో మిరియాల పొడి పడుతుందని చెప్పాడు. ఇంకేం కావాలే నీకు?"

"అవన్నీ ఎవరికైనా చెప్పుకునేవేగా. చమురు బావి దగ్గర పక్క మంచం మీద పడుకున్నవాడిక్కూడా తెలుస్తాయి."

ఓపల్ చేతిలో బఠాణీకాయ ఆగిపోయింది. బయట ఏదో కారు వెళ్లింది. ఆమె లేచి కిటికీలోంచి చూసి వచ్చింది. ఆయన వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

"నోర్మూసుకుని చార వెయ్యి. సొట్ట కుడి తలుపుకు పెట్టావేం? ఎడమ తలుపుకే. పాల లారీ గుద్దింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ కారు కడిగింది నేను. నాకు తెలీదా? ఇంకోమాట, వాణ్ణి ముందే ఏమీ అడక్కు. మొత్తం అయ్యాకే చేతికివ్వు."

ఆదివారం మధ్యాహ్నం ట్వైలా బొమ్మను గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టింది.

"మీ కోసమే. విప్పండి."

ఆయన విప్పాడు. వేలితో సొట్ట తడిమాడు. మూత లేని వెనక చక్రం తిప్పాడు. ట్వైలా ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఆ వేలు బానెట్ మీదికి వచ్చి చార మీద ఆగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఈ చార నేనే వేశానమ్మా! గుర్తుందా? షెడ్డులో, నాన్నకు తెలీకుండా. చేతులకు ఆ తెల్ల రంగు ఎన్నాళ్లు వదల్లేదో!"

ట్వైలా గుండెల్లో బరువంతా దిగిపోయింది. సిగ్గూ వేసింది, ఏడుపూ వచ్చింది. "మావయ్యా!" అని మొదటిసారి పిలిచింది. "నీకు నచ్చిందా?"

"నచ్చడమా! అదే కారు పిల్లా, అచ్చం అదే!"

ఓపల్ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. కాసేపటికి వాలిపోయిన భుజాలతో మెల్లగా వచ్చి, ఆయన కాలిన చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

"చేతులు కడుక్కురా నాయనా. కేకు చల్లారిపోతుంది."

ఆయన ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. ఓపల్ కేకు కోసి, అన్నింటికంటే పెద్ద ముక్క ఆయన పళ్లెంలో పెట్టింది.

"నన్ను క్షమించు అమ్మమ్మా" అంది ట్వైలా. "ఇన్నాళ్లూ అనుమానంతో చచ్చాను. నువ్వు చెప్పిందే నిజం. ఆ చార చూడగానే ఎలా కరిగిపోయాడో చూశావా?"

బయట రోడ్డు మీద కారు చప్పుడైంది. ఓపల్ కిటికీ వైపు వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని, లోపల నీళ్ల చప్పుడు వింటూ, నెమ్మదిగా అంది:

"మా రాయిస్ కారు మీద చారే లేదే."