నల్లరేగడిలో పడవ

“పడవకు చిల్లు పడితే పూడుస్తారు మామా. నువ్వేంది, పనిగట్టుకుని చిల్లు పెడుతుండావు?”

వార్డు మెంబరు గోవిందరాజ్ వేపచెట్టు కింద నిలబడి నవ్వుతున్నాడు. గురుసామి తలెత్తలేదు. బోర్లించిన ప్లైవుడ్ పడవ అడుగున డ్రిల్లు తిప్పుతున్నాడు.

“లోపలికెక్కిన నీళ్లు దిగొద్దా అల్లుడా? దీనికి బిరడా ఉండాది.”

“ముందు ఎక్కేదానికి నీళ్లేవి?”

అదీ నిజమే. కోవిల్‌పట్టికి పన్నెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ నల్లరేగడి ఊళ్లో పడవ తేలేంత నీళ్లు గురుసామి తాత కూడా చూసి ఎరగడు. ఉన్నదల్లా అయిదు రోజులకోసారి వచ్చే నీళ్ల లారీ. దాని పెత్తనం గోవిందరాజ్‌ది. పదిహేను రోజుల కిందట లారీ దగ్గర తోపులాటలో గురుసామి భార్య మూక్కమ్మాళ్, ఇత్తడి బిందెతో గోవిందరాజ్ పెళ్లాం నుదురు పగలగొట్టింది. ఆ మర్నాడే గోవిందరాజ్, ఇక ఇంటికి ఒక్క పాత్రే అని మైకులో చాటించాడు. ఆయనింటి పాత్ర మాత్రం ఆయన గడ్డం దాకా వచ్చే నీలం డ్రమ్ము. ఇదేమిటని ఎవరో అడిగితే, అదీ ఒకటే కదా అన్నాడు.

“దీన్ని తూత్తుకుడి సముద్రంలో తోలతా,” అన్నాడు గురుసామి. “శుక్రవారం నీళ్ల లారీ ఖాళీగా ఆ పక్కకే పోతుంది కదా, దానిమీద ఎక్కిస్తా.”

“తెడ్డేది?”

“కడాన చేస్తా, అంతా అయినాక.”

గురుసామి ముప్పై ఏళ్లు సాత్తూరులో అగ్గిపుల్లలు బిగించే చెక్క చట్రాలు చేసినవాడు. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక ఫోనులో ఏదో వీడియో చూసి పిచ్చెక్కించుకున్నాడని ఊరు తేల్చేసింది.

కొట్టంలో గేదె పక్కనుంచి మూక్కమ్మాళ్ అందుకుంది. “ఈడ ఎనుము గొంతెండి చస్తుంటే ఈయనకు సముద్రం కావాల్నంట! ఏ జన్మలో చేసిన పాపమో!”

వీధిలో ఎవరైనా ఉంటే ఆవిడ గొంతు ఇంకాస్త లేస్తుంది.

“అందుకే చెప్తుండా అత్తా,” అన్నాడు గోవిందరాజ్. “దానికి నీళ్లు పెట్టలేరు, నాకిచ్చేయండి. శుక్రవారం తాడు తెచ్చుకుంటా.”

“ఇన్నిరోజులూ ఆగినావు, శుక్రవారం దాకా ఆగు,” అంది మూక్కమ్మాళ్. ఆయన అటు పోగానే గేదె మెడ నిమిరింది. దూడగా ఉన్నప్పటి నుంచి తన చేత్తో పెంచింది. దాని పాలు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా కొట్టుకు పోతాయి. దాన్ని ఇంకొకరి కొట్టంలో కట్టెయ్యడం తలుచుకుని, దాని కట్టుతాడు ఇంకో చుట్టు బిగించింది.

మర్నాడు పడవను తిరగేశారు. అంతకుముందే రాగితీగతో అడుగు పలకకు కుట్టిన పక్క పలకలకు, లోపలి మూలల్లో సన్నటి వేపచెక్క రీపర్లు ఆనించి, జానెడుకొకటి చొప్పున ఇత్తడి స్క్రూలు బిగించాడు గురుసామి. మూక్కమ్మాళ్ తిడుతూనే ఉంది. తిడుతూనే, ఆయన చెయ్యి చాచకముందే సరైన సైజు స్క్రూ అందిస్తూ ఉంది. తర్వాత రంపపు పొట్టు కలిపిన బంకతో లోపలి అతుకులన్నీ మెత్తాడు.

గోవిందరాజ్ పెళ్లాం పట్టమ్మాళ్ నుదుటి మీద ప్లాస్టరుతో వచ్చి తొంగిచూసింది. ఆవిడ పుట్టిల్లు తూత్తుకుడి.

“మా పక్క పడవకు బయట మెత్తుతారు. ఈయనేంది, లోపల మెత్తుతుండాడు?”

“బుర్ర తిరగబడిన మనిషికి బయటేంది, లోపలేంది!” అంది మూక్కమ్మాళ్.

“కింద చక్రాలు కూడానా?”

“సముద్రం దాకా మోసేదెవరే? నువ్వా?”

పట్టమ్మాళ్ నవ్వుకుంటూ పోయింది. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది.

గురువారం పడవను కొట్టంలోకి తోసి తలుపులు మూశారు. పరీక్షకు పొయ్యడానికి నీళ్లు లేవు. గురుసామి పడవలో టార్చి వెలిగించి పైన రెండు దుప్పట్లు కప్పాడు. ఇద్దరూ మోకాళ్ల మీద చుట్టూ పాకుతూ అతుకులు చూశారు. వెనక మూల, ఒక స్క్రూ పక్కన, ఆవగింజంత వెలుగు కనిపించింది.

“దేవుడా,” అంది మూక్కమ్మాళ్. ఈసారి గొంతు లేవలేదు. “ఇది కారిందంటే ఎనుము పోయినట్టే.”

గురుసామి ఆ స్క్రూ విప్పి, ఒక సైజు పెద్దది బిగించి, బంక మెత్తాడు. వెలుగు ఆగిపోయింది. ఇద్దరూ ఇంకోసారి చుట్టూ పాకి చూశారు.

శుక్రవారం పొద్దున లారీ వచ్చింది. బిందెలతోపాటు జనం కూడా ఎక్కువే వచ్చారు, పడవ ఊరేగింపు చూద్దామని. మొగుడూ పెళ్లాలు దాన్ని తోసుకుంటూ వస్తుంటే ఒకరు ఈల వేశారు, ఒకరు శంఖం ఊదినట్టు నోటితో ఊదారు. గోవిందరాజ్ చేతిలో గేదెను కట్టి తోలుకుపోయేందుకు తెచ్చిన తాడు ఉంది.

“డ్రైవరన్నా, ముందు నీళ్లు పట్టు. పడవను కడాన ఎక్కిద్దువు,” అన్నాడు.

ముందు ఆయన నీలం డ్రమ్ము నిండింది. తర్వాత బిందెలు ఒక్కొక్కటే నిండాయి. మూక్కమ్మాళ్ వట్టి చేతులతో వరుసలో నిలబడి ఉంది.

“బిందె మరిచినావా అత్తా?” అంది పట్టమ్మాళ్.

గురుసామి వంగి బిరడా మీద సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. డ్రైవరు గొట్టం పట్టుకుని మూక్కమ్మాళ్ దగ్గరికొచ్చాడు.

“మీ పాత్ర ఏదమ్మా?”

“ఇంటికి ఒకటే కదన్నా, మాది ఈ పడవ.”